సైనిక స్థావరాల్లో మరమ్మతు పనులు: చిన్న కాంట్రాక్టర్ల సందేహాలు

సైనిక స్థావరాల్లో క్వార్టర్లు, బ్యారక్‌లు, గోదాములు, రోడ్లు కట్టించేదీ, వాటిని బాగుచేయించేదీ మిలిటరీ ఇంజనీర్ సర్వీసెస్, అందరూ పిలిచేలా చెప్పాలంటే ఎంఈఎస్. సికింద్రాబాద్, హకీంపేట, దుండిగల్, విశాఖపట్నం, సూర్యలంక చుట్టుపక్కల చిన్న కాంట్రాక్టర్ల నుంచి ఈ పనుల మీద వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈసారి జవాబులిస్తున్నాం. ఒక ఉత్తరం అమెరికా నుంచి కూడా వచ్చింది. రాసినవారి పేర్లు కాకుండా ఊరి పేర్లే వేస్తున్నాం.

ప్రశ్న: మూడు అపార్ట్‌మెంట్లు, పదీ పన్నెండు ఇళ్లు కట్టాను. మా ఇంటికి కూతవేటు దూరంలోనే కంటోన్మెంట్. లోపలి పనులు ఎవరికి, ఎలా ఇస్తారో మాత్రం అంతుపట్టదు. తెలిసినవాళ్లు లేకపోతే దొరకవంటారు. నిజమేనా? (అల్వాల్)

జవాబు: తెలిసినవాళ్ల సంగతి తర్వాత, ముందు డిజిటల్ సంతకం సంగతి చూడండి. టెండర్లన్నీ డెఫ్‌ప్రాక్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే పోర్టల్లో పెడతారు. చూడటానికి లాగిన్ కూడా అక్కర్లేదు, డిజిటల్ సంతకం కావాల్సింది టెండరు వేయడానికి. డబ్బు ఖర్చు పెట్టకముందు ఒక నెలపాటు రోజూ పది నిమిషాలు మీ చుట్టుపక్కల పిలిచే టెండర్లు తిరగేయండి. తలుపులు కిటికీల మార్పిడి, డాబాల వాటర్‌ప్రూఫింగ్, మరుగుదొడ్ల మరమ్మతు, లోపలి రోడ్లు, ఏడాది పొడవునా చిల్లర పనులు చేసే టర్మ్ కాంట్రాక్టు... చిన్నవాళ్లకు పనికొచ్చేవి ఇవే. కొత్త భవనాల జోలికి ఇప్పుడే వెళ్లకండి.

స్థావరంలో పని చూసేది గారిసన్ ఇంజనీర్, అంటే జీఈ. ఆయన పైన కమాండర్ వర్క్స్ ఇంజనీర్, ఆ పైన చీఫ్ ఇంజనీర్. జీఈ కింద రెండు పాయలు: భవనాలు, రోడ్లు చూసేది బీఆర్, కరెంటు, పంపులు, యంత్రాలు చూసేది ఈఎం. మీకు రోజూ పని పడేది బీఆర్ జూనియర్ ఇంజనీర్‌తో, అంటే జేఈతో.

పోటీలోకి రెండు దారులున్నాయి. ఒకటి ఎన్‌లిస్ట్‌మెంట్, అంటే ఎంఈఎస్ కాంట్రాక్టర్ల జాబితాలో నమోదు కావడం. ‘ఎస్ఎస్’ నుంచి ‘ఈ’ వరకు తరగతులుంటాయి, ఒక్కో తరగతికి టెండరు విలువలో ఒక్కో పరిమితి. మీలాంటివారు అడుగు తరగతితో మొదలెట్టడమే మేలు. చేసిన పనుల కంప్లీషన్ సర్టిఫికెట్లు, ఆదాయపు పన్ను రిటర్నులు, బ్యాలెన్స్ షీట్లు, బ్యాంకు నుంచి ఆర్థిక స్తోమత పత్రం, యజమానికీ భాగస్వాములకూ పోలీసు వెరిఫికేషన్, అన్ని టెండర్లకూ కలిపి ఒకేసారి ఇచ్చే హామీ పత్రం (స్టాండింగ్ సెక్యూరిటీ బాండ్) కావాలి. రెండో దారి, ఎన్‌లిస్ట్ కాకుండానే టెండరు వేయడం. అప్పుడు ఆ తరగతివాళ్లకు ఉండాల్సిన అర్హతలన్నీ ప్రతి టెండరుకూ కాగితాలతో రుజువు చేసుకోవాలి, ఈఎండీ, అంటే టెండరుతో పాటు పెట్టే ధరావతు కూడా కట్టాలి.

ఇక మీ అసలు చిక్కు. ఆ మూడు అపార్ట్‌మెంట్లూ మీరే స్థలం కొని, కట్టి అమ్మినవైతే అవి అనుభవం కింద నిలబడటం కష్టం. పని ఇచ్చినవాడంటూ ఒకడుంటేనే కదా ఇంత విలువకు, ఇంత గడువులో పూర్తిచేశారని రాసిచ్చేది! వేరేవాళ్లకు కట్టిన ఇళ్లయితే ఒప్పంద పత్రం, బిల్లులు, బ్యాంకులో డబ్బు పడిన దాఖలా, వాళ్లు కోసిన టీడీఎస్ ఉండాలి. చేతికి చేయి నగదు లావాదేవీగా జరిగినది కాగితం మీద జరగనట్టే. అలాంటప్పుడు మున్సిపాలిటీలోనో పంచాయతీరాజ్‌లోనో రెండు మూడు చిన్న పనులు మీ పేరున చేసి, సర్టిఫికెట్లు చేతిలో పెట్టుకుని రండి. ఎన్‌లిస్ట్ అయిన పెద్ద కాంట్రాక్టరు కింద కూలి రేటుకు చేసిన పని ఎంత బాగా చేసినా అది ఆయన ఖాతాలోకే పోతుంది.

ప్రశ్న: మాకు ఉద్యం (చిన్న సంస్థల) రిజిస్ట్రేషన్ ఉంది. ఈఎండీ మినహాయింపు ఉంటుందని ధీమాగా టెండరు వేస్తే తిరస్కరించారు. ఇది అన్యాయం కాదా? (కూకట్‌పల్లి)

జవాబు: మీ కోపం అర్థమైంది గానీ తప్పు వాళ్లది కాదు. చిన్న పరిశ్రమలకు 2012 నాటి ప్రభుత్వ కొనుగోళ్ల విధానం ఇచ్చే రాయితీలు వస్తువులకూ సేవలకూ వర్తిస్తాయి. నిర్మాణ, మరమ్మతు పనులు వర్క్స్ కిందికి వస్తాయి, ఆ విధానంలోకి రావు. టెండర్ నోటీసులో ఆ మాట సాధారణంగా రాసే ఉంటుంది. ఈఎండీ మినహాయింపు దొరికేది స్టాండింగ్ సెక్యూరిటీ బాండ్ ఇచ్చి ఎన్‌లిస్ట్ అయినవాళ్లకు. మీరు ఉద్యం పత్రాన్ని బ్యాంకు దగ్గర వాడుకోండి, అక్కడ దానికి విలువుంది.

ప్రశ్న: 10 లక్షల పని వచ్చింది. ఖర్చు ఏడున్నర లక్షలు లెక్కేసి రెండున్నర మిగులుతుందనుకున్నాను. పని అయ్యేసరికి చేతిలో ఏమీ మిగల్లేదు. దొంగతనం జరిగిందా, లెక్క తప్పిందా తెలియడం లేదు. (బాపట్ల)

జవాబు: దొంగతనం జరగలేదు, రేటు వేసేటప్పుడే లెక్క తప్పింది. ఈ టెండర్లలో రాసే రేటులో జీఎస్టీ కలిసే ఉంటుంది. 2022 జులై 18 నుంచి ప్రభుత్వ నిర్మాణ పనుల మీద జీఎస్టీ 18 శాతం. కాబట్టి మీ 10,00,000లో పని విలువ 8,47,458 రూపాయలే. మిగతా 1,52,542 పన్ను.

ఇప్పుడు మీ ఖర్చును విడదీద్దాం. మీరు వివరాలు రాయలేదు కాబట్టి ఉజ్జాయింపుగా ఇలా అనుకుందాం: జీఎస్టీ కాకుండా సామాను 4,50,000, కూలి 2,60,000, రవాణా, సూపర్‌వైజరు, ఇతరత్రా 40,000. మొత్తం 7,50,000. సామాను మీద మీరు కట్టిన జీఎస్టీ 18 శాతం చొప్పున 81,000 ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగొస్తుంది, అదీ మీ సరఫరాదారు తన రిటర్ను వేస్తేనే. అంటే మిగులు 8,47,458లోంచి 7,50,000 పోగా 97,458. ఇందులోంచి భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ సెస్సు 1 శాతం, సుమారు 10,000. ఇది తిరిగి రాదు. కూలీలకు పీఎఫ్‌లో యజమాని వాటా, పాలనా ఛార్జీలతో కలిపి 13 శాతం, అంటే 33,800. ఈఎస్ఐ 3.25 శాతం, 8,450. మిగిలింది 45,208. గడువు రెండు నెలలు పెరిగి సూపర్‌వైజరు జీతం నెత్తిన పడితే అదీ గల్లంతు.

ఇక చేతికొచ్చే డబ్బు ఇంకో లెక్క. 10 లక్షల బిల్లులో జీఎస్టీ కాకుండా ఉన్న పని విలువ మీద జీఎస్టీ టీడీఎస్ 2 శాతం, 16,949, ఆదాయపు పన్ను టీడీఎస్ సొంత సంస్థకైతే 1 శాతం, 8,475, సెస్సు 10,000. ఇవి పోగా 9,64,576 రూపాయలు. ఇందులోంచే పనికి హామీగా కొంత, అంటే రిటెన్షన్ మనీ, ఆపుతారు. రెండు టీడీఎస్‌లూ మీ ఖాతాలో పడతాయి, పన్ను కట్టేటప్పుడు సర్దుకోవచ్చు. కాకపోతే ఆ రోజుకి సిమెంటు కొట్టువాడికి అవి చూపించి అప్పు తీర్చలేరు.

మరో పొరపాటు కూలి రేటులో చాలామంది చేస్తారు. ఊళ్లో మేస్త్రీ కూలిని పట్టి లెక్కేస్తారు. ఇక్కడ కేంద్ర ప్రభుత్వ కనీస వేతనాలు లెక్క. కరువు భత్యం ఏటా ఏప్రిల్ 1న, అక్టోబర్ 1న మారుతుంది. ఆర్నెల్ల పనికి రేటు వేసేటప్పుడు రాబోయే పెంపును కూడా కలుపుకోవాలి.

ప్రశ్న: మేం సముద్రం దగ్గర క్వార్టర్లలో స్లాబ్ అడుగున పెచ్చులూడిన చోట్ల బాగుచేసే పని తీసుకున్నాం. రెండేళ్లు తిరగకముందే మేం వేసిన అతుకు చుట్టూ మళ్లీ పగుళ్లు, తుప్పు మరకలు. సామాను మంచి కంపెనీదే. ఎక్కడ పోయింది? (గాజువాక)

జవాబు: మీ అతుకు బాగానే ఉండి, దాని అంచున తుప్పు పట్టిందని రాశారు. ఆ ఒక్క మాటలోనే జబ్బు తెలుస్తోంది. ఉప్పు గాలి తగిలే కట్టడంలో క్లోరైడు కాంక్రీటు నిండా ఇంకి ఉంటుంది. తుప్పు బయటపడిన చోట కడ్డీ తానే తుప్పు పడుతూ, పక్క భాగాన్ని కొంత కాపాడుతూ ఉంటుంది. మీరు ఆ చోటును శుభ్రం చేసి, ఉప్పు లేని కొత్త మోర్టారు వేశారు. ఇప్పుడు తుప్పు పట్టే వంతు పక్కనున్న పాత కాంక్రీటులోని కడ్డీది. చుట్టూ ఉంగరంలా పగుళ్లు రావడానికి కారణం ఇదే.

అందుకే పని సుత్తితో మొదలవ్వాలి. స్లాబ్ అడుగంతా చిన్న సుత్తితో తట్టి చూడండి. గట్టి కాంక్రీటు ఖంగుమంటుంది, లోపల విడిపోయింది బోలుగా పలుకుతుంది. బోలు పలికిన మేరా సుద్దతో గీయండి. కంటికి ఒక చదరపు మీటరు కనబడిన చోట తట్టి చూస్తే రెండు, మూడు తేలడం మామూలే. చిప్పింగ్ మొదలుపెట్టకముందే ఆ గీతల కొలతలు జేఈతో కలిసి తీసి రాయించుకోండి. ఒకసారి కప్పేశాక ఎంత లోతు తవ్వారో ఎవరూ నమ్మరు.

గీసిన హద్దు వెంట కట్టర్‌తో 10 మిల్లీమీటర్ల లోతు గాడి తీయండి, కడ్డీకి బ్లేడు తగలకుండా. అంచు పలచగా జారిపోతే అతుకు అక్కడే లేస్తుంది. ఆ తర్వాత మేస్త్రీలు ఎగ్గొట్టే పని: కడ్డీ వెనక కూడా 20 నుంచి 25 మిల్లీమీటర్లు చెక్కాలి. కడ్డీ వెనక్కి వేలు దూరాలి. ముందువైపు మాత్రమే గోకి రంగు పూస్తే వెనక తుప్పు అలాగే ఉంటుంది. పొడవునా కూడా తుప్పు ఆగిన చోటు దాటి ఇంకో 50 మిల్లీమీటర్లు శుభ్రమైన కడ్డీ కనబడేదాకా వెళ్లండి. బీము దగ్గరైతే చెక్కే ముందే జాకీలు నిలబెట్టాలి.

తుప్పు రాల్చాక వెర్నియర్‌తో కొలవండి. 12 మిల్లీమీటర్ల కడ్డీ 10కి తగ్గితే చూడటానికి రెండు మిల్లీమీటర్లే, బలానికి లెక్కేసే కోత వైశాల్యంలో 30 శాతం పోయినట్టు. అలాంటి చోట పక్కన అదనపు కడ్డీ వేయాలా అని రాతపూర్వకంగా అడగండి. ఆ కడ్డీ మీ ఒప్పందంలోని పనుల జాబితాలో (షెడ్యూల్లో) లేకపోతే అది డీవియేషన్, అంటే ఒప్పందానికి బయటి పని అవుతుంది. దాని సంగతి కింద ఇంకో ఉత్తరంలో ఉంది.

కడ్డీకి జింక్ ఉన్న ప్రైమర్, పాత కాంక్రీటుకు బాండ్ కోటు, అంటే కొత్త మోర్టారును పట్టి ఉంచే పూత. బాండ్ కోటు చేతికి అంటుకునేంత తడిగా ఉండగానే మోర్టారు కొట్టాలి. మధ్యాహ్నం భోజనానికి వెళ్లొచ్చి కొడితే అది బంధం కాదు, నడుమ ఒక అడ్డుపొర. మోర్టారు సిమెంటు ఒకటికి ఇసుక మూడు, సిమెంటు బరువులో 15 శాతం ఎస్‌బీఆర్ లేటెక్స్ (పాలలా ఉండే రబ్బరు ద్రవం). ఒక్కో పొర 10 నుంచి 15 మిల్లీమీటర్లు దాటితే తలమీద పని కాబట్టి జారుతుంది. 25 మిల్లీమీటర్ల మందానికి చదరపు మీటరుకు 0.025 ఘనపు మీటరు మోర్టారు, దానికి సిమెంటు సుమారు 13 కిలోలు, లేటెక్స్ 2 లీటర్లు. కింద రాలేదానికి ఇంకో ఐదో వంతు కలుపుకోండి.

నీటి విషయం అడగలేదు గానీ చెప్పక తప్పదు. తీరం పక్క బోరు నీళ్లు కలిపితే తీసేసిన ఉప్పునే మళ్లీ పోసినట్టు. కాంక్రీటుకు భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం ఇనుము ఉన్న కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. ల్యాబులో పరీక్ష చేయించడానికి అయ్యే ఖర్చు మీ ఒక్కరోజు మేస్త్రీ కూలి కన్నా పెద్దదేం కాదు.

ప్రశ్న: డాబా మీద బిటుమెన్ మెంబ్రేన్ (తారు షీటు) పరిచే పని. 200 చదరపు మీటర్లకు 20 రోల్స్ కొన్నాం, చాల్లేదు. తర్వాత కొన్నిచోట్ల బుడగలు లేచాయి. మొదటి వానకే ఒక గదిలో కారింది. (బొల్లారం)

జవాబు: రోల్ మీటరు వెడల్పు, 10 మీటర్ల పొడవు. కానీ పక్క అతుకు 100 మిల్లీమీటర్లు, కొన అతుకు 150 పోతే నికరంగా కప్పేది 0.9 ఇంటూ 9.85, అంటే 8.87 చదరపు మీటర్లు. మీ డాబా 20 ఇంటూ 10 అనుకుంటే చుట్టుకొలత 60 మీటర్లు. పిట్టగోడ మీదికి ఎక్కించేదీ, మూల గుండ్రదనంతో కలిపి 20 సెంటీమీటర్లు వేసుకుంటే ఇంకో 12 చదరపు మీటర్లు. 212ను 8.87తో భాగిస్తే 24 రోల్స్, కత్తిరింపు వృథాతో 26. అతుకుల మీద వేసిన రెండో పొరకు బిల్లులో కొలత రాదు, పూర్తయిన వైశాల్యానికే డబ్బు. కాబట్టి ఆ తేడా రేటులోనే ఉండాలి.

బుడగలకు కారణం కింద చిక్కిన చెమ్మ. వాన వెలిసిన మర్నాడు పైన ఆరినట్టు కనబడుతుంది, పాత సున్నపు కాంక్రీటు పొర మాత్రం లోపల నీళ్లు తాగి ఉంటుంది. అర మీటరు చదరపు పాలిథీన్ షీటును నాలుగు వైపులా టేపుతో అంటించి రాత్రంతా ఉంచండి. ఉదయం అడుగున నీటి బిందువులుంటే మెంబ్రేన్‌ను కరిగించి అంటించే టార్చి ఆ రోజు వెలిగించకండి. గడువు తరుముకొస్తోందని పరిచేస్తే, ఎండకు ఆ చెమ్మ ఆవిరై మెంబ్రేన్‌ను పైకి తోస్తుంది.

కారిన గది మాత్రం ఏ మూల ఉందో మీరు రాయలేదు. మూడు చోట్ల చూడండి. మొదటిది, పిట్టగోడ మొదలు. అక్కడ మూలను మోర్టారుతో గుండ్రంగా (గోలా) చేయకుండా లంబకోణంలో వంచితే మెంబ్రేన్ మడతలో చిట్లుతుంది. పైకి ఎక్కించిన కొన గోడలో గాడి తీసి అందులో దోపి మూయకపోతే గోడ వెంట జారే నీరు దాని వెనక్కే దిగుతుంది. రెండోది, నీరు బయటికిపోయే గొట్టం నోరు. చుట్టూ 450 ఇంటూ 450 మిల్లీమీటర్ల ఖుర్రా (నీరు చేరే గుంట) పల్లంగా ఉండాలి, మెంబ్రేన్ గొట్టం లోపలికి దిగాలి. మూడోది డాబా మీద నిలబెట్టిన యాంటెన్నా కాళ్లు, నీళ్ల పైపులు. సైనిక క్వార్టర్లలో ఇవి మన ఇళ్ల మీద కంటే ఎక్కువ, పైగా మీరు పని ముగించి పోయాక ఎవరో వచ్చి ఇంకోటి బోల్టు వేసి బిగిస్తారు. అందుకే అప్పగించే రోజున డాబా మీద ఏమేం ఉన్నాయో రాసి సంతకం తీసుకోండి.

మడులు కట్టి నీళ్లు నిలిపే పరీక్ష 48 గంటలు చేస్తే చాలావరకు బయటపడుతుంది. నీటి ఎత్తు 25 మిల్లీమీటర్లు చాలు. పాత స్లాబ్ మీద 50 నిలిపితే 200 చదరపు మీటర్లకు 10 టన్నుల బరువు పెట్టినట్టు.

ప్రశ్న: పని మొదలై పదిహేను రోజులైనా కూలీలకు గేటు పాసులు రాలేదు. గడువు మాత్రం నడుస్తోంది. (షామీర్‌పేట)

జవాబు: వర్క్ ఆర్డర్ వచ్చాక పాసులకు పెట్టుకుంటే ఇలాగే అవుతుంది. ఒప్పందం ఖాయమైందని ఉత్తరం అందిన రోజునే మనుషుల జాబితా, ఆధార్, ఫొటోలు, వాహనాల కాగితాలు సిద్ధంగా ఉండాలి. పోలీసు వెరిఫికేషన్ సొంతూరి నుంచి రావాలి కాబట్టి ఒడిశా, బిహార్ కూలీలకు ఇక్కడివాళ్లకంటే ఆలస్యం. పదిమంది కావాలంటే పద్నాలుగు మందికి పెట్టండి. మధ్యలో ఇద్దరు ఊరెళ్లిపోవడం ఖాయం, వాళ్ల స్థానంలో అడ్డా మీద నుంచి ఎవరినో తెచ్చి లోపలికి పంపడం కుదరదు.

టెండరులో ఆ చోటు రిస్ట్రిక్టెడ్ ఏరియానా కాదా రాసి ఉంటుంది. రిస్ట్రిక్టెడ్ అయితే పనిగంటలు గేటు తెరిచే వేళల్ని పట్టి ఉంటాయి, తనిఖీలో రోజూ కొంత సమయం పోతుంది. ఎనిమిది గంటల కూలికి చేతికొచ్చేది ఆరున్నర గంటల పని అనుకుని రేటు వేయాలి. కూలీల గుడిసెలు లోపల వేయనివ్వరు. ఫోన్‌తో ఫొటోలు తీయకూడదని ప్రతి కూలీకీ ముందే గట్టిగా చెప్పండి. పని ఫొటోలు అవసరమైతే అనుమతి అడిగి, వాళ్ల మనిషి సమక్షంలోనే తీయాలి.

ఇప్పుడు మీరు చేయాల్సింది: పాసులకు దరఖాస్తు ఇచ్చిన తేదీ, ఇంకా రాలేదన్న సంగతి ఈరోజే జీఈకి ఉత్తరం రాయండి. సాధారణ షరతుల పుస్తకం ఐఏఎఫ్‌డబ్ల్యూ 2249లో 11వ షరతు గడువు పొడిగింపు గురించే. ఆటంకం వచ్చినప్పుడే రాసిన ఉత్తరానికి ఉన్న బలం, చివర్లో కూర్చుని రాసే పది పేజీలకు ఉండదు.

ప్రశ్న: పక్క బ్లాకులో కూడా నాలుగు బాత్రూములు చేసేయమని నోటిమాటగా చెప్పారు, చేశాం. ఆ అధికారి బదిలీ అయ్యారు. కొత్తవారు మాకు తెలియదంటున్నారు. (ఊరు రాయలేదు)

జవాబు: 7వ షరతు డీవియేషన్ల గురించి. ఒప్పందంలో లేనిది చేయాలంటే డీవియేషన్ ఆర్డర్ ఉండాలి, దాని విలువ టెండరులో చెప్పిన హద్దు దాటకూడదు. మీ దగ్గర ఆర్డరు లేదు. సైట్ ఆర్డర్ బుక్‌లో ఒక్క వాక్యమైనా ఉందేమో వెతకండి. మెజర్‌మెంట్ బుక్‌లో కొలతలు ఎక్కాయా చూడండి. టైల్సు, పైపుల బిల్లుల మీద తేదీలు, లోపలికి సామాను వచ్చినట్టు గేటు నమోదు ఉంటాయి. అవన్నీ జతచేసి, పని జరిగిన చోటును కలిసి తనిఖీ చేయమని రాయండి. ఫైనల్ బిల్లు మీద ఇంకేమీ రావాల్సింది లేదని రాసి సంతకం పెట్టారంటే మాత్రం దారి మూసుకుపోతుంది. అభ్యంతరం ఉంటే ఎంత, దేనికి అని బిల్లులోనే రాయాలి. అక్కడా తేలకపోతే 70వ షరతు కింద ఆర్బిట్రేషన్ ఉంది గానీ నాలుగు బాత్రూముల కోసం అంతదూరం వెళ్తే వకీలు ఖర్చే ఎక్కువ. నిజం చెప్పాలంటే ఈ డబ్బు సగం పోయినట్టే అనుకుని ప్రయత్నించండి.

ప్రశ్న: బీఓక్యూ (రేట్లు నింపే పనుల పట్టిక) ఫైలు తెరవకుండానే మా టెండరు పక్కన పెట్టారు. రేటు మాదే తక్కువని మాకు తెలుసు. (మల్కాపురం)

జవాబు: మధ్యలో కారిజెండం, అంటే సవరణ నోటీసు, వచ్చి బీఓక్యూ మారిందేమో చూడండి. పాత ఫైలులో రేటు నింపి పెట్టినవాళ్లది పోతుంది. ఫైలు పేరు మార్చినా, గళ్లను కదిపినా అంతే. ఇవేవీ కాకపోతే మొదటి కవర్లో, అంటే టెక్నికల్ బిడ్‌లో, ఏదో కాగితం లోపించి ఉంటుంది. అది దాటితేనే రేటు కవరు తెరుస్తారు. ఆఖరి గంట దాకా ఆగకండి. సర్వర్ గడియారమే గడియారం, మీ గోడ గడియారం కాదు.

ప్రశ్న: టెక్సస్‌లో చిన్న నిర్మాణ సంస్థ నడుపుతున్నాం. ఇక్కడి ఎయిర్‌ఫోర్స్ బేస్‌లో భవనాల మరమ్మతుకు చిన్న సంస్థలు కావాలంటూ సోర్సెస్ సాట్ నోటీసు చూశాం. ధర రాయమనలేదు. దీనికి జవాబిచ్చి లాభమేమిటి? (సాన్ ఆంటోనియో)

జవాబు: అది టెండరు కాదు, మార్కెట్‌ను ఆరా తీయడం. జవాబిచ్చినంత మాత్రాన పని రాదు, కానీ ఎవరూ ఇవ్వకపోతే మీకు నష్టం. సరైన ధరకు పనిచేయగల చిన్న సంస్థలు కనీసం రెండు పోటీకి వస్తాయని కాంట్రాక్టింగ్ ఆఫీసరుకు నమ్మకం కుదిరితేనే దాన్ని చిన్న సంస్థలకు కేటాయిస్తారు. మీ జవాబు ఆ రెండిట్లో ఒకటి కావచ్చు. లేదంటే అదే పని పెద్ద కంపెనీలకూ తెరుచుకుంటుంది.

ముందు అమెరికా ప్రభుత్వ కాంట్రాక్టుల పోర్టల్ సామ్ డాట్ గవ్‌లో నమోదు, మీ సంస్థకు ఇచ్చే గుర్తింపు సంఖ్య యూఈఐ. రెండూ ఉచితం, డబ్బడిగే ఈమెయిళ్లను నమ్మకండి. అక్కడి పరిశ్రమల వర్గీకరణలో భవన నిర్మాణానికి కోడ్ 236220. ఏటా సగటు రాబడి 4.5 కోట్ల డాలర్లు దాటనంతవరకు ఆ కోడ్ కింద మీరు చిన్న సంస్థే. జవాబులో అడిగినన్ని పేజీలే ఉండాలి. ఇలాంటి విలువకు, ఇలాంటి పని గతంలో చేసిన రెండు మూడింటి వివరాలు, ప్రధాన కాంట్రాక్టరుగానా సబ్‌గానా, మీ బాండింగ్ సామర్థ్యం, అంటే ష్యూరిటీ (హామీ) సంస్థ మీ తరఫున ఇచ్చే హామీ ఒక్క పనికి ఎంత, మొత్తం మీద ఎంత... చదివేవాళ్లు వెతికేవి ఇవే. కంపెనీ ఆశయాలు, రంగురంగుల లోగోలు ఎవరూ చదవరు.

బాండు దగ్గరే మనవాళ్లు ఎక్కువగా ఆగిపోతున్నారు. పెద్ద పనులకు మిల్లర్ యాక్ట్ కింద పెర్ఫార్మెన్స్ బాండు, పేమెంట్ బాండు రెండూ ఇవ్వాలి. ష్యూరిటీ సంస్థ మీ లెక్కల పుస్తకాలు చూసి గానీ ఇవ్వదు. చాలనప్పుడు చిన్న వ్యాపారాల ప్రభుత్వ సంస్థ ఎస్‌బీఏ హామీ పథకం ఉంది. చిన్న సంస్థలకు కేటాయించిన పని తీసుకుని మొత్తం ఇంకొకరికి అప్పజెప్పడం కుదరదు. సాధారణ నిర్మాణంలో ప్రభుత్వమిచ్చే మొత్తంలో 85 శాతానికి మించి మీలాంటి అర్హత లేని సబ్‌కాంట్రాక్టర్లకు పోకూడదు. 2,000 డాలర్లు దాటిన పనికి డేవిస్-బేకన్ చట్టం ప్రకారం ఆ ప్రాంతానికి నిర్ణయించిన వేతనాలు, వారం వారం ధ్రువీకరించిన పేరోల్ ఇవ్వాలి. ఆర్మీ ఇంజనీర్ల భద్రతా పుస్తకం ఈఎం 385-1-1 వర్తించే పనుల్లో సైట్ మీద భద్రతా అధికారి ఉండాలి, ఆ జీతం అంచనాలో వేసుకోండి. ఇంకొకటి. భారతీయ మూలాలున్నవాళ్లకు సామాజికంగా వెనుకబడినవారి చిన్న సంస్థల కోసం ఉన్న 8ఏ పథకంలో దానంతటదే అర్హత వస్తుందని ఇంకా చెప్పుకుంటున్నారు. 2023 జులైలో టెనెసీ ఫెడరల్ కోర్టు తీర్పుతో ఆ వీలు పోయింది.

ప్రశ్న: రంగులు వేయడం అయిపోయింది. ఖాళీ డబ్బాలు తుక్కువాడికి అమ్మేశాం. బిల్లు ఆపారు. డబ్బాలకూ బిల్లుకూ ఏం సంబంధం? (హకీంపేట)

జవాబు: చాలా సంబంధం ఉంది. ఎంత రంగు పట్టిందో గోడను చూసి చెప్పలేరు, ఖాళీ డబ్బాలు లెక్కపెట్టి చెబుతారు. రంగు, వాటర్‌ప్రూఫింగ్ కెమికల్, చెదల మందు డబ్బాలు జేఈ లెక్క రాసి బయటికి పంపేదాకా సైట్ మీదే ఉండాలి. సిమెంటూ అంతే. గోదాముకు రెండు తాళాలు, ఒకటి మీది, ఒకటి వాళ్లది. రోజూ ఎన్ని బస్తాలు విప్పారో రిజిస్టర్లో పడాలి. ఇప్పుడు డబ్బాలు పోయాయి కాబట్టి అసలు కొనుగోలు బిల్లులు, వాటి మీది బ్యాచ్ నంబర్లు, గేటులో సామాను నమోదైన తేదీలు తీసుకుని వెళ్లి, రెండు కోట్లు పడ్డాయో లేదో గోడ మీద ఓ మూల గీకి చూడమనండి. తుక్కువాడి దగ్గర డబ్బాలు ఇంకా ఉంటే మాత్రం ముందు అక్కడికే పరుగెత్తండి.